వేసవి తొలినాళ్ళ పెరడు – వంటయిల్లు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ప్రసంగ పాఠము)

గ్రంథాలయ రజతోత్సవమున పెరటి కూరలను గూర్చి ప్రసంగమేమని కొందరికి తోచవచ్చును. 1914వ సంవత్సరమున బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడినది. ఊరూర గ్రంథాలయములను నెలకొల్పిన పెద్దల ఆశయము, తెలిసిన విషయము కొందరియొద్దనే నిలిచిపోక ప్రతి గడపకును చేరవలెననుటయే. గడప దాటిన విషయము అందరికంటె ముందు పనికి రావలసిన చోటు వంటయిల్లు. వంటయింటి వెనుక తలుపు తెరచినచో కనబడునది పెరడు. ఈ రెంటికిని నడుమ నున్న సంబంధము వేసవి తొలినాళ్ళలో ఎట్లు తెగిపోవుచున్నదో, దానిని మరల ఎట్లు కలుపవచ్చునో విచారించుటయే ఈ ప్రసంగమునకు ఉద్దేశము.

శివరాత్రితో చలి శివశివా యని పోవునని పెద్దలు చెప్పుదురు. చలితో పాటు కూరలు కూడ పోవును. సంక్రాంతినాడు పందిరి నిండ కాచిన చిక్కుడుపాదు ఫాల్గుణము నాటికి పండుబారును. ముల్లంగి, కాబేజీ ముగియును. కొత్తిమీర నాలుగాకులు వేయకమునుపే పూతకు వచ్చును. టమాట మొక్క పూచును గాని, రాత్రులందు కూడ వేడి తగ్గనిచో పూత రాలిపోయి కాయ నిలువదు. కోతలు ముగిసిన చేలు బీడుపడి యుండును. బావులలో నీరు అడుగంటుచుండును. సంతకు వచ్చిన ఆకుకూర ప్రొద్దెక్కకమునుపే వాడిపోవును. ధర మాత్రము వాడదు.

అట్టి దినములలో అనేక గృహములయందు జరుగునదేమి? జాడీ అడుగున మిగిలిన పాత ఆవకాయ, కందిపొడి, చింతపండు పులుసు, మజ్జిగ, వీనితో పూట గడచిపోవును. కొత్త ఆవకాయకు ఇంకను రెండు నెలలున్నవి. "వేసవిలో కూర యెక్కడిది?" అను మాట ఇంటింట వినబడును. నోటికి రుచి తగ్గలేదు, కడుపు నిండినది. కావున లోపమున్నదని ఎవరికిని తోచదు.

లోపము మాత్రము ఉన్నది. 2019–21 సంవత్సరములలో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన దేశమున 15 నుండి 49 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో నూటికి 57 మందికి, ఆరు నెలలు నిండి అయిదేండ్లు నిండని పిల్లలలో నూటికి 67 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. రెండు తెలుగు రాష్ట్రములును ఇందుకు మినహాయింపు కావు. 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా ప్రారంభమై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ, 2024లో ప్రకటించిన మార్గదర్శకములలో ఒక మనిషికి రోజునకు ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు అవసరమని సూచించినది. పాత ఆవకాయ బద్దతో పూట గడపు ఇంటికిని ఈ 400 గ్రాములకును ఎంత దూరమో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇందులో మరియొక విషయము కలదు. ఇంటిలో కూర కొంచెముగా వండిన దినమున అది ఎవరి విస్తరికి చేరును? మొదట మగవారికి, తరువాత పిల్లలకు, పిమ్మట అత్తగారికి. అందరికిని వడ్డించి చివర కూర్చుండు ఇల్లాలికి మిగులునది గిన్నె అడుగున నున్న రెండు ముక్కలు, లేదా ఉత్త ఊరగాయ. ఆమె గర్భిణి యైనను, పసిబిడ్డకు పాలిచ్చు తల్లి యైనను వరుస మారదు. వేసవిలో కూర తగ్గినప్పుడు ఇంటిలో అందరికిని సమానముగా తగ్గదు. చివర తినునామెకు పూర్తిగా పోవును. పెరటి మడి ప్రయోజనమును పైకముతో లెక్కించువారు ఈ సంగతిని కూడ లెక్కలో చేర్చవలెను.

ఇక పెరటిలో మడి వేయుడనగానే వచ్చు మొదటి ప్రశ్న "నీరెక్కడిది?" అని. దీనికి లెక్క కట్టి సమాధానము చెప్పవచ్చును. 10 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గల మడి వైశాల్యము 100 చదరపు అడుగులు. అనగా 9 చదరపు మీటర్లకు కొంచెము ఎక్కువ. తొలి వేసవిలో దానికి రోజునకు 5 మిల్లీమీటర్ల లోతు నీరు కావలెననుకొన్నను, మొత్తము 50 లీటర్లకు మించదు. 15 లీటర్ల బిందెతో మూడు బిందెల చిల్లర. అయిదుగురున్న ఇంటిలో ఒక్కొక్కరు ఒక్కొక్క బకెట్టు నీటితో స్నానము చేసినను 75 లీటర్ల నీరు తూముగుండ వీధికాలువ పాలగుచున్నది. బియ్యము, పప్పు, కూరలు కడిగిన నీరు దానికి అదనము. మడికి కావలసిన నీరు ఇంటిలోనే యున్నది. దారి మాత్రము వీధివైపునకు తీసియున్నాము.

అయితే ఇంటినుండి వెలువడు నీరంతయు ఒక్కటి కాదు. బియ్యము, పప్పు, కూరలు కడిగిన నీరు అన్నిటికంటె మేలైనది. దానిని నేరుగ ఆకుకూరల మడికి పోయవచ్చును. పశువులున్న ఇంట కడుగునీరు కుడితి గోలెమునకు పోవును, అది న్యాయమే. కాని పశువులు లేని ఇండ్లు నేడు పల్లెలలోను ఎక్కువైనవి. ఆ ఇండ్ల కడుగునీటికి మడియే గోలెము. స్నానపు నీటిలో కొంత సబ్బు కలియును గనుక దానిని చిన్న కాలువ త్రవ్వి, కాలువలో గులకరాళ్ళు పరచి, అరటికి, బొప్పాయికి, పందిరి పాదులకు మళ్ళించుట మంచిది. సోడా ఎక్కువగా గల సబ్బుపొడితో బట్టలు ఉతికిన నీటిని మాత్రము మడికి పోయరాదు. మాటిమాటికి పోసినచో నేల చవుడుబారును. ఏ నీరైనను గుంటలో నిలువ ఉండరాదు. నిలిచిన నీరు దోమలకు పుట్టినిల్లు.

విత్తుటకు తగిన కాలము మాఘము చివరనుండి ఫాల్గుణము వరకు. అన్నిటికంటె త్వరగా చేతికి వచ్చునది తోటకూర. విత్తనము ఆవగింజకంటె చిన్నది గనుక పొడి ఇసుకతో కలిపి చల్లవలెను. 25 నుండి 30 దినములలో కోతకు వచ్చును. మొక్కను పెరికివేయక నాలుగంగుళముల మోడు విడిచి కోసినచో మరల చిగిర్చును. మడినంతయు ఒక్కనాడే విత్తక, సగము ముందును, పదునైదు దినముల తరువాత మిగిలిన సగమును విత్తిన ఇంటిలో ఆకుకూర కరవు కాదు. గోంగూర ఎండకు ఓర్చును. బచ్చలి తీగ ముక్కను నీడపట్టున గ్రుచ్చిన చాలును. బెండ విత్తనములను రాత్రి నానవేసి, మరునాడు జానెడు దూరమున ఒక్కొక్కటి నాటవలెను. ఏబది దినములలోపే కాయ దిగును. దినము విడిచి దినము కోయనిచో కాయ ముదిరి చెట్టు కాపు తగ్గించును. నీరు మరీ తక్కువైన చోట గోరుచిక్కుడు నమ్మకమైన పంట.

సొర, బీర, పొట్ల, కాకర పాదులకు మోకాలి లోతు గుంట త్రవ్వి, చివికిన పశువుల ఎరువు వేసి, గుంటకు మూడు నాలుగు గింజలు పెట్టి, మొలచిన పిమ్మట బలమైన రెండింటిని ఉంచవలెను. పందిరిని స్నానపు గదికో, గిన్నెలు తోము చప్టాకో దాపున వేసినచో రెండు లాభములు: పాదునకు నీరు, పని చేయువారికి నీడ. పొట్లకాయ వంకర తిరుగకుండ చివరకు చిన్న రాయి కట్టుట మన పల్లెలలో పిల్లలకు కూడ తెలిసిన పనియే. ఒక సొరపాదు, ఒక పొట్లపాదు సక్రమముగా కాచినచో చిన్న కుటుంబమునకు చైత్ర వైశాఖములలో కూరకు వెదకుకొననక్కరలేదు.

నీటిని పొదుపు చేయు పాత పద్ధతి యొకటి మరపునకు వచ్చుచున్నది. మెరుగు పూయని మట్టికుండను మెడవరకు భూమిలో పాతి, నీరు నింపి, మూత పెట్టి, చుట్టును మూడు నాలుగు గింజలు పెట్టుదురు. కుండ గోడల సన్నని రంధ్రములనుండి నీరు కొంచెము కొంచెముగా ఊరి వేళ్ళకు అందును. ఎండకు ఆవిరి కాదు. నాలుగు దినములు ఊరికి పోయి వచ్చినను పాదు వాడదు. మడిపై వరిగడ్డినిగాని, ఎండుటాకులనుగాని, వేరుసెనగ పొట్టునుగాని రెండంగుళముల మందమున పరచినచో తడి నిలుచును. నీరు పోయుటకు సాయంకాలమో, తెల్లవారుజామో తగిన వేళ. మిట్టమధ్యాహ్నము పోసిన నీటిలో చాల భాగము ఎండకే దక్కును.

పురుగునకు పూర్వము పొయ్యిలోని బూడిద చల్లెడివారు. గ్యాసు పొయ్యిలు వచ్చిన తరువాత బూడిద అరుదైనది. వేపగింజల పప్పును 50 గ్రాములు దంచి, గుడ్డలో మూటకట్టి, ఒక లీటరు నీటిలో రాత్రియంతయు నానవేసి, ఉదయము పిండి వడకట్టి, రవ్వంత సబ్బు కలిపి సాయంకాలము చల్లినచో ఆకు తిను పురుగులు, పేను తగ్గును. ఇంటివారు తినబోవు ఆకుపై విషపు మందులు చల్లుటకంటె నాలుగాకులు పురుగునకు విడుచుట మేలు.

మడితో పాటు చెట్లను కూడ తలచుకొనవలెను. పెరటికొక మునగ యున్నచో ఫాల్గుణ చైత్రములలో కాయకు లోటుండదు. ఆకు ఏడాది పొడవునను దొరకును. నిమ్మ, కరివేప వంటయింటికి నిత్యావసరములు. చైత్రమున చింతచెట్టు చిగిర్చును. ఆ చిగురుతో వండిన పప్పునకు విత్తనము, నీరు, ఎరువు ఏదియు అక్కరలేదు, చెట్టు క్రింద ఓపికగా నిలుచువారు కావలెను. వేపపూవును గుడ్డ పరచి రాల్చి నీడను ఎండబెట్టి దాచుకొన్నచో, నేతిలో వేయించి అన్నమున కలుపుకొనుటకు చాలకాలము నిలుచును. ఉగాదినాటి పచ్చడిని పరికించిన ఈ సంగతి స్పష్టమగును: వేపపూవు, మామిడి పిందె, కొత్త చింతపండు, కొత్త బెల్లము, అన్నియు ఆ ఋతువున ఊరిలో దొరకునవే. సంవత్సరారంభమున చేతికందిన దానితో వండుకొనవలెనని ఆ పచ్చడి ఏటేట గుర్తు చేయుచున్నది.

పెరటినుండి కూర వచ్చినంత మాత్రమున చాలదు. వంటలో దానిని పోగొట్టుకొనరాదు. ఆకుకూరను తరుగకముందే కడుగవలెను. తరిగిన పిమ్మట కడిగిన సారము నీటితో పోవును. కొద్ది నీటిలో మూతపెట్టి ఉడికించి, ఆ నీటిని పారబోయక పప్పులోనో పులుసులోనో కలుపవలెను. ఆకుకూరలలోని ఇనుము దేహమునకు సులువుగా పట్టదు. పులుపు తోడైనచో కొంత మెరుగుగా పట్టును. నిమ్మరసమును మాత్రము పొయ్యిమీద నుండగా పిండరాదు, దించిన పిమ్మటనే పిండవలెను. వేడికి అందులోని సి విటమిను నశించును. ఆకుకూరలలోని ఎ విటమినునకు మూలమైన పదార్థము ఒంటికి పట్టవలెనన్నచో కొంచెము నూనెయో నేయియో ఉండవలెను. కావున పోపు రుచికొరకే కాదు. భోజనము కాగానే తేనీరు త్రాగు అలవాటు మంచిది కాదు. తిన్న కూరలోని ఇనుమును అది పట్టనీయదు. మునగాకు పిల్లలు తినరనువారు దానిని నీడను ఎండబెట్టి, వేయించిన కంది, శనగపప్పులతో పొడి కొట్టి అన్నమున మొదటి ముద్దకు కలిపి చూడవలెను.

ఇచట ఒక హెచ్చరిక అవసరము. ఆకుకూర ఒక్కటియే రక్తహీనతను పోగొట్టునని చెప్పుట సత్యము కాదు. కడుపులో నులిపురుగులు, మలేరియా, వెంటవెంట కాన్పులు మున్నగు కారణములును కలవు. గర్భిణులకు ఆరోగ్యకేంద్రమున ఇచ్చు ఇనుము మాత్రలను కూర తినుచున్నామని మానరాదు. మాత్ర మాత్రయే, కూర కూరయే, రెండును కావలెను.

వేసవి పానీయములలోను మన ఇంటి వంట వెనుకబడి లేదు. రాయలసీమలో రాగి అంబలి, తెలంగాణమున జొన్న అంబలి, గోదావరి ప్రాంతమున తరవాణి, ఎల్లచోట్లను ఉప్పు, కరివేపాకు, అల్లము వేసిన పలుచని మజ్జిగ, చెమటతో పోయిన నీటిని, ఉప్పును తిరిగి ఇచ్చునవి. పులియబెట్టిన అంబలిలో ధాన్యమునందలి ఇనుము వంటి ఖనిజములు దేహమునకు మరింత అందుబాటులోనికి వచ్చును. 2023వ సంవత్సరమును ఐక్యరాజ్యసమితి చిరుధాన్య సంవత్సరముగా జరిపినది. మన ముసలమ్మల అంబలి కుండకు ఆ పేరు వచ్చుటకు చాల ముందే ఆ గౌరవము తగియుండెను.

ఇక ఎండలు ముదిరిన కొలది వంటయింటి పని మేడమీదికి, వాకిటిలోనికి వచ్చును. బూడిదగుమ్మడి ముక్కలకు ఉప్పు పట్టించి, గుడ్డలో మూటకట్టి బరువు పెట్టి, నీరు పోయిన పిమ్మట మినపపిండిలో కలిపి వడియములు పెట్టుదురు. చీల్చిన మిరపకాయలను రాత్రి ఉప్పుమజ్జిగలో నానవేసి పగలు ఎండబెట్టుచు మూడు నాలుగు దినములలో చల్లమిరపకాయలు చేయుదురు. మామిడి ముదిరిన పిమ్మట మాగాయ, వైశాఖమున ఆవకాయ. వీనిలో ఒక్కటే సూత్రము పనిచేయుచున్నది: ఎండ తడిని తీసివేయును, ఉప్పు కాయలోని నీటిని లాగి క్రుళ్ళు పుట్టించు సూక్ష్మజీవులను బ్రతుకనీయదు, పైకి తేలు నూనె గాలిని తాకనీయదు. అందువలననే తడి చేయి జాడీలో పెట్టరాదని పెద్దలు అంతగా కేకలు వేయుదురు.

కాని ఆ ఉప్పే దేహమునకు మితిమీరిన చెరుపు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు రోజునకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలునని చెప్పుచున్నది. ఊరగాయ అన్నమునకు తోడు. కూరకు బదులు కాదు. పెరటిలో కూర యున్న ఇంటిలోనే ఆవకాయ తన చోటున తానుండి రుచినిచ్చును.

ఇంతవరకు చెప్పినదంతయు ఇల్లాలి తలపై మరియొక బరువుగా మోపినచో ఈ ప్రసంగము వలన మేలుకంటె కీడే ఎక్కువ. నీరు తోడునది ఆమె, వండునది ఆమె, తోమునది ఆమె. మడి కూడ ఆమెదే యనుట తగదు. ఏ ఇంట స్నానము చేసినవారు ఆ నీటి దారిని తామే చూచుకొందురో, ఏ ఇంట పాఠశాలనుండి వచ్చిన పిల్లలు, చేనునుండి వచ్చిన పురుషుడు తలా ఒక బిందె మడికి పోయుదురో, ఆ ఇంటి మడి ఎండదు. గుంట త్రవ్వుట, పందిరి వేయుట పురుషుల పని కావలెను. కూర దించిన వెంటనే ఇల్లాలి వాటాను వేరొక గిన్నెలో తీసి మూతపెట్టవలెను. అంతకంటె మేలు, అందరును కలిసి కూర్చుండి తినుట. ఈ ఒక్క మార్పునకు విత్తనము కొననక్కరలేదు, నీరు మోయనక్కరలేదు. అయినను మడి వేయుటకంటె ఇదియే కష్టమని కొన్ని ఇండ్లలో తేలవచ్చును.

చివరగా గ్రంథాలయము చేయగల పని యొకటి కలదు. బీరువాలో ఒక అరను విత్తనములకు విడువవచ్చును. పాదుననే ఎండిన సొరకాయ, చెట్టుననే ముదిరిన బెండకాయ, తోటకూర కంకి, వీని గింజలను చక్కగా ఆరబెట్టి, పొడి సీసాలలో వేసి, పేరును, విత్తవలసిన మాసమును వ్రాసి ఉంచవలెను. సంకర విత్తనము తల్లి గుణమును నిలుపదు గనుక నాటు విత్తనములనే సేకరించుట మంచిది. సభ్యుడు పుస్తకమును తీసికొని తిరిగి ఇచ్చునట్లే, పిడికెడు గింజలు తీసికొని, పంట వచ్చిన పిమ్మట రెండు పిడికిళ్ళు తిరిగి ఇయ్యవలెను. పుస్తకము చిరుగకుండ తిరిగి వచ్చిన చాలునని సంతోషించు గ్రంథాలయమునకు, ఇచ్చినది రెట్టింపై తిరిగి వచ్చుట ఒక కొత్త అనుభవము కాగలదు.

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రామమున పుస్తకమును ఇంటింటికి చేర్చిన గ్రంథాలయమునకు గింజను చేర్చుట పెద్ద పని కాదు. వచ్చు ఫాల్గుణమున ప్రతి సభ్యుని ఇంటి తూము వీధివైపునుండి పెరటివైపునకు తిరిగి, చైత్రమున ఆ ఇంట చివర భోజనము చేయునామె విస్తరిలో పచ్చని కూర కనబడిననాడు, ఈ రజతోత్సవము ఆ ఇంటికిని చేరినట్లే.